రేపటి కొసరు

లా పాజ్
2007 సెప్టెంబరు 9, ఆదివారం

నా కసేరా ఎల్విరాకి,

ఫెలీసా రాస్తున్నది. అవును, దుంపల ఫెలీసానే, ఎవరి చేతా రాయించకుండా సొంత చేత్తో రాస్తున్నాను. నవ్వకు. మధ్యాహ్నం బేరాలు తగ్గాక సంత వెనక గదిలో మరిబెల్ టీచరు దగ్గర అక్షరాలు దిద్దుతున్నానని చెబితే "అరవై ఏళ్ళకి చదువేంటే, దుంపలకి ఉత్తరాలు రాస్తావా?" అని ఎగతాళి చేశావు కదా. నా బతుకులో మొదటి ఉత్తరం ఇదే. దుంపలకి కాదు, నీకే. గీతలు వంకర పోతే సర్దుకుని చదువుకో.

నీ గుండె ఎలా ఉంది? కొండ దిగి కోచబాంబా చేరాక ఆయాసం తగ్గిందా? మీ అబ్బాయి ఇంట్లో మెట్లు లేవు కదా? ఇవన్నీ ఫోన్లో అడగొచ్చు. కానీ ఫోన్లో అయితే నేను చెప్పాల్సింది మొదలుపెట్టగానే నువ్వు మాట మార్చేస్తావు, నేనూ హమ్మయ్య అనుకుని ఊరుకుంటాను. ఇరవై రెండేళ్ళుగా జరుగుతున్నది అదే. చెబితే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుంది అంటారు. నా వయసుకి మానం కంటే ప్రాణమే బరువుగా ఉంది.

ఊరు వదిలే ముందు రోజు నా కొట్టు ముందు నిలబడి, చుట్టూ పదిమంది వింటుండగా ఏమన్నావో గుర్తుందా? "ఈ సంత మొత్తంలో నిజమైన చెయ్యి ఫెలీసాదొక్కటే. అసలు కంటే దీని కొసరే ముద్దు" అన్నావు. ఉల్లిపాయలావిడ మూతి తిప్పుకుంది. నేను నీ సంచిలో దుంపలు రెండు చేతులా తోడి పోశాను. "చాల్లేవే, మొయ్యలేను" అని నువ్వు ఏడుస్తూ నవ్వావు. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

అది అలా ఉండగానే మొన్న మంగళవారం టీచరు నల్లబల్ల మీద ఒక లెక్క రాసింది. ఒక అమ్మకందారు పౌనుకి రెండు ఔన్సులు తగ్గించి తూస్తోంది. ఎనిమిది పౌన్లు కొన్న ఆమెకి ఎంత నష్టం? అందరం సంత ఆడవాళ్ళమే కదా, గది గొల్లుమంది. "అలా తూసే మనిషి పేరు కూడా రాయండి టీచరమ్మా" అని ఒకావిడ. "పేరెందుకు, ఇక్కడే కూర్చుని ఉంటుంది" అని ఇంకొకావిడ. నేను దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. పదహారు ఔన్సులు, అంటే నిండా ఒక పౌను. వేళ్ళ మీద లెక్క పెట్టకుండానే వచ్చేసింది నాకు. ఎందుకంటే నువ్వు వారానికి కొనేది సరిగ్గా ఎనిమిది పౌన్లే.

చెప్పేస్తున్నాను కసేరా. ఆ మనిషి నేనే.

ఎనభై నాలుగు చివరి నెలలూ, ఎనభై అయిదో సంవత్సరమూ నీకు నేను గుర్తు చెయ్యక్కర్లేదు. సంచీడు నోట్లు తెస్తే సగం సంచి దుంపలు రాని రోజులు. కానీ నా వైపు నుంచి ఎలా ఉండేదో నీకెప్పుడూ చెప్పలేదు. పొద్దున్న లారీ దగ్గర ఒక బస్తా కొనేదాన్ని. సాయంత్రానికి మొత్తం అమ్ముడుపోయేది, లాభంతోనే. చేతి నిండా డబ్బు. తెల్లారి అదే డబ్బు పట్టుకుని లారీ దగ్గరికి పోతే ముప్పాతిక బస్తా వచ్చేది. మర్నాడు అర బస్తా. నేనేమో చదువు రాని మొద్దుని, ఎవరో రాత్రి పూట నా దిండు కింద నుంచి డబ్బు తీస్తున్నారని పెళ్ళి నాడు కూడా అనుమానించని మా ఆయన్ని అనుమానించాను. తలుపుకి తాళం మార్చాను. దొంగ ఇంట్లోకి రానే లేదు, నోటు లోపలే కూర్చుని ఉన్నాడని తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ధర పెంచుదామా అంటే, పెంచిన ప్రతిసారీ మీరంతా నా మీద పడేవాళ్ళు. "నీ దుంపలకి కాళ్ళొచ్చాయా ఏంటే, నిన్న కింద ఉన్నవి ఇవాళ మేడెక్కి కూర్చున్నాయి?" అని నువ్వే అన్నావు ఒకసారి. అప్పుడే నాకు పాడు బుద్ధి పుట్టింది. ధర పెంచితే మొహం మీదే తిడతారు. తూకం తగ్గిస్తే నవ్వి పోతారు. పాత బ్యాటరీలోంచి ఒక సీసం ముక్క తీసి, సుత్తితో కొట్టి పలచగా చేసి, సరుకు వేసే పళ్ళెం కింద అంటించాను. ఎన్ని కొన్నా పౌను పౌనుగానే తూసేదాన్ని కదా. పౌనుకి రెండు ఔన్సులు. అప్పుడు లెక్క రాదు నాకు, కానీ ఆ లెక్క మాత్రం వచ్చింది.

అయినా మనసు ఒప్పేది కాదు. అందుకే కొసరు పెంచాను. నీకు మరీను, ఎందుకంటే నీ కొంగు పట్టుకుని నీ కూతురు ఇనేస్ వచ్చేది. నాలుగేళ్ళ పిల్ల, నోరు మాత్రం నలభై ఏళ్ళది. తూకం అయ్యీ అవగానే తన చిన్న గౌను పరిచి "నా కొసరో?" అనేది. అందరికీ ఏ దుంప పడితే అది వేసేదాన్ని, దానికి మాత్రం ఏరి ఏరి ఇమిల్లా దుంపలే. ఆ దుంపకి ఆ పేరు ఎందుకని అడిగితే, మా ఐమారా భాషలో ఇమిల్లా అంటే ఆడపిల్ల అని చెప్పాను. ఇంకేముంది, "నేనూ ఇమిల్లానే, దుంపా ఇమిల్లానే" అని సంతంతా వినపడేలా పాడేది. నేను వేసిన ఆ నాలుగు దుంపలూ మీ ఎనిమిది పౌన్లలోంచి నేను తీసినవే. మీవి మీకే ఇచ్చి, మంచిదాన్నని పేరు తెచ్చుకున్నాను.

ఆగస్టు మొదటి వారంలో ఒక రోజు లారీవాడు ఒక్కసారిగా రెట్టింపు అడిగాడు. వాడితో గొడవపడి, ఏడ్చి, పావు బస్తాతో కొట్టుకి వచ్చాను. అదే పూట మీరిద్దరూ వచ్చారు. ఎనిమిది తూచాను. పిల్ల గౌను పరిచింది. మూతి కొంచెం వాడి ఉంది, ముక్కు కారుతోంది. "నా కొసరో?" అంది. నేను దాని మొహం చూడకుండా "రేపు తల్లీ, రేపు రెండింతలు వేస్తా" అన్నాను. అది గౌను దించలేదు. నువ్వే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళావు. ఆ రోజుల్లో రేపు అన్న మాటకి ఏం విలువ ఉందని? అయినా అన్నాను. మళ్ళీ వారం మీరు రాలేదు. పది రోజులకి, జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగి పిల్ల పోయిందని ఉల్లిపాయలావిడ చెప్పింది. ఆ పూటే సీసం ముక్క పీకేశాను. పీకితే ఏం లాభం.

టీచరమ్మ లెక్క ఇంటికొచ్చి పూర్తి చేశాను. జనవరి నుంచి ఆగస్టు దాకా ముప్ఫై వారాలు. వారానికొక పౌను. ముప్ఫై పౌన్లు. ఆస్పత్రిలో చివరిసారి తూచినప్పుడు ఇనేస్ పాతిక పౌన్లే ఉందని నువ్వే చెప్పావు కదా, కసేరా.

ప్రతి ఏడూ మృతుల పండక్కి "పిల్ల కోసం బల్ల మీద తిండి పెడుతున్నాను, రావే" అని పిలిచేదానివి. ప్రతి ఏడూ బేరం వదిలి రాలేనని అబద్ధమాడాను. ఏ మొహం పెట్టుకుని వస్తాను? మన దగ్గర అమ్మేదాన్నీ కసేరా అంటారు, కొనేదాన్నీ కసేరా అనే అంటారు. నువ్వు నన్ను వదిలిపోకూడదు, నేను నిన్ను మోసం చెయ్యకూడదు, ఆ పిలుపుకి అర్థం అంతే. నీ వంతు నువ్వు చేశావు.

ఒక నిర్ణయం తీసుకున్నాను. ఇక ఈ చేత్తో ఎవరికీ కొసరు వెయ్యను. తూకం తూకమే, సూదిమొన తేడా లేకుండా. కొసరు వేస్తుంటే దొంగతనం చేస్తున్నట్టే ఉంటోంది నాకు. సీసం ముక్క ఇన్నాళ్ళూ బొత్తాల డబ్బాలో దాచాను. ఈ కవరులోనే పెడుతున్నాను. నువ్వేం చేసుకుంటావో నీ ఇష్టం.

క్షమించమని అడగడం లేదు.

నీ కసేరా అనిపించుకోవడానికి తగని
ఫెలీసా


లా పాజ్
అక్టోబరు 7

ఎల్విరాకి,

ఉత్తరం చేరిందో లేదో తెలియదు. కవరు బరువుందని పోస్టాఫీసులో రెండు స్టాంపులు అదనంగా వేయించారు. ఆ సీసం ముక్క నా చేత ఇంకా ఖర్చు పెట్టిస్తూనే ఉంది చూడు.

కొసరు మానేసి నాలుగు వారాలు. "ఫెలీసాకి పిసినారి దయ్యం పట్టింది" అని వీధంతా అంటోంది. పాత కసేరాలు ముగ్గురు ఉల్లిపాయలావిడ చెల్లెలి కొట్టుకి పోయారు. నిన్న మూడో వీధి ముసలావిడ తూకం అయ్యాక సంచి అలాగే తెరిచి పట్టుకుని నిలబడింది. నేను తల దించుకుని గుడ్డతో పళ్ళెం తుడుస్తూ కూర్చున్నాను. ఆవిడ చాలాసేపు నిలబడి వెళ్ళిపోయింది. న్యాయంగా తూసి కూడా ఏడుపొస్తుందని నాకిన్నాళ్ళూ తెలియదు.

తిట్టాలనుంటే తిట్టు. మీ అబ్బాయి చేతైనా రెండు ముక్కలు రాయించు. ఏమీ రాయకపోవడం మాత్రం భరించలేకుండా ఉన్నాను.

ఫెలీసా


కోచబాంబా
అక్టోబరు 22

ఒసేయ్ ఫెలీసా,

నీ ఉత్తరాలు రెండూ చేరాయి. మొదటిది చదివిన రోజు గుండె దడ ఎక్కువై రెండు వారాలు మంచాన ఉన్నాను. కంగారు పడకు, నీ ఉత్తరం వల్ల కాదు, నేను చెప్పకుండా దాచింది నా గొంతుకి అడ్డం పడడం వల్ల. ఇప్పుడు లేచి కూర్చున్నాను. నీ అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. మా ఆయన, అబెలార్డో మాస్టారు, బతికుంటే నీకు పదికి ఎనిమిది వేసేవాడు.

నాకు తెలుసే. ఆ ఏడు ఏప్రిల్ నుంచే తెలుసు.

నెలనెలా ఇనేస్‌ని తూయించడానికి ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళేదాన్ని కదా. ఒక రోజు నీ దగ్గర కొన్న సంచితోనే అటు నుంచి అటే వెళ్ళాను. పిల్ల బరువు తగ్గింది. యంత్రం తప్పేమో అని నా మనసు. సంచి అదే యంత్రం మీద పెట్టాను, నువ్వు తూచిన ఎనిమిది పౌన్లు ఎనిమిదే చూపిస్తే యంత్రం మంచిదని తేలిపోతుంది కదా అని. నర్సు నవ్వింది. "దుంపలకి కూడా టీకా వెయ్యమంటావా అమ్మా?" అంది. ముల్లు ఏడు దగ్గర ఆగింది. అది చూసి ఒక్క క్షణం నాకు ఎంత సంతోషం వేసిందో తెలుసా? యంత్రమే తప్పు, నా పిల్ల బాగానే ఉందని. ఆ వెంటనే నర్సు తన తూకం రాయి పెట్టి చూపించింది. యంత్రం సరిగ్గానే ఉంది. పిల్లా తగ్గింది, దుంపలూ తగ్గాయి.

మరి నిన్ను ఎందుకు నిలదీయలేదంటావా? నిలదీయడానికి నా మొహమూ సరిగ్గా లేదు కాబట్టి. మాస్టారి జీతం కట్టలుగా వచ్చేది, గుర్తుందా, బ్యాంకు చీటీ చుట్టిన వంద నోట్ల కట్టలు. ఎవరూ విప్పి చూసేవాళ్ళు కాదు, చూసే తీరిక లేదు, కట్ట ఇస్తే కట్ట పుచ్చుకునేవాళ్ళు. నేను చీటీ మెల్లగా ఊడదీసి, ప్రతి కట్ట మధ్యలోంచి పది నోట్లు లాగేసి, మళ్ళీ అంటించేదాన్ని. జిగురు కొనే స్థితి కూడా లేదు. ఉడికించిన దుంప నలిపి అంటించేదాన్ని. నీ దుంపే. నీ దుంపతో అంటించిన కట్టే నీ చేతిలో పెట్టేదాన్ని. ఫిబ్రవరి నుంచీ, నీ సీసం సంగతి నాకు తెలియక ముందు నుంచీ. నువ్వు లారీవాడి దగ్గర తక్కువ బస్తా తెచ్చుకుని ఏడ్చిన రోజుల్లో ఆ ఏడుపులో కొంత నా వాటా ఉందే.

సర్కారువాళ్ళు మాస్టారి జీతం ఒక్క పెసో కూడా తగ్గించలేదు. అంకె అంకెలాగే ఉంచి, కాగితం బరువు తీసేశారు. రొట్టెలవాడు ధర ముట్టుకోకుండా రొట్టె సగం చేశాడు. అందరూ ఎవరి పళ్ళెం కింద వాళ్ళు ఏదో ఒకటి అంటించుకున్నారు. నువ్వొక్కదానివే, తీసుకున్న దాంట్లోంచి నాలుగు దుంపలైనా తిరిగి ఇచ్చావు. నీ దగ్గరికి అందుకే వచ్చేదాన్ని. మనిద్దరి చేతులూ ఒకరి సంచిలో ఒకరివి పెట్టించినవాళ్ళున్నారే, వాళ్ళెవరూ ఇంతవరకు ఎవరికీ ఇలాంటి ఉత్తరం రాయలేదు. మనం మాత్రం రాసుకుంటున్నాం, పిచ్చి మొహాలం.

ఇక ఇనేస్ సంగతి. పిల్ల నీ వల్ల పోలేదని రాస్తే నీకు కంటి మీద కునుకు పడుతుందని తెలుసు. రాద్దామనే కూర్చున్నాను. రాయలేకపోతున్నాను ఫెలీసా. ఎవరి వల్ల పోయిందో నాకు తెలియదు. లాగిన నోట్లతో మందు కొందామని పోతే పొద్దుటి ధర మధ్యాహ్నానికి లేదు. సగం సీసా కొన్నాను. నా వల్ల పోలేదని కూడా ఈ ఇరవై రెండేళ్ళలో నేను ఒక్క పూట అనుకోలేదు. కాబట్టి ఆ బరువు నువ్వొక్కదానివే ఎత్తుకుని తిరగకు. నా సగం నాకు ఇచ్చెయ్.

నీ కొసరు మాత్రం దాని నోట్లోకే పోయేది. మేం ముగ్గురం ఎసట్లోవి తినేవాళ్ళం, అది తన ఇమిల్లాలు వేరే చిన్న గిన్నెలో ఉడికించమనేది. "ఇవి కొనలేదు, నాకు ఇచ్చారు" అని లెక్క పెట్టుకుని తినేది. మిగతా దుంపల మొహం కూడా చూసేది కాదు. ఆ ఏడు అది తిన్న తిండిలో మంచి భాగం నీ కొసరేనే. దొంగతనమో దానమో, దాని నోటికి రుచి తెలిసింది. నువ్వు పాపమంటున్నది అది.

ఇంకొకటి ఉంది. దీన్ని ఎవరితోనూ అనలేదు. జ్వరం పెరిగాక దానికి తెలివి వస్తూ పోతూ ఉండేది. వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేది. "రేపు అయిందా అమ్మా?" నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. "ఇంకా కాలేదు తల్లీ, పడుకో" అనేదాన్ని. చివరి రోజు కూడా అదే అడిగింది, అదే చెప్పాను. నీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను. ఉంది. ఇరవై రెండేళ్ళూ నీ దగ్గర దుంపలు కొంటూనే ఉన్నాను, కోపం ఉంచుకునే కొన్నాను. తూకం దగ్గర కాదు. ఆ ఒక్క మాట దగ్గర.

నోట్లూ ఔన్సులూ నీకూ నాకూ చెల్లు. ఆ రేపు మాత్రం ఇంకా నీ దగ్గరే ఉంది.

డాక్టరు నన్ను కొండ ఎక్కనివ్వడు. ఈసారి మృతుల పండక్కి పిల్ల దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఎవరూ లేరు. నువ్వు వెళ్ళాలి. బేరం ఉందన్నావంటే చంపుతాను. శ్మశానంలో శవపెట్టెలు ఉంచే గోడ ఉంది కదా, అందులో అది ఉన్న గూడు నాలుగో వరుస, ఎడమ నుంచి తొమ్మిదోది. నిచ్చెన అద్దెకిస్తారు, పట్టుకోవడానికి ఎవర్నైనా తీసుకెళ్ళు. నీ మోకాళ్ళని నమ్మకు. నవంబరు ఒకటో తేదీ మధ్యాహ్నం పన్నెండుకి వస్తారు పోయినవాళ్ళు, నీకు తెలుసుగా. దానికంటే ముందే చేరుకో, అది వచ్చి ఎదురుచూడకూడదు. పోయినవాళ్ళకి పెట్టే రొట్టె బొమ్మ అక్కర్లేదు, పూలు నీ ఇష్టం. ఇమిల్లాలు ఉడికించి తీసుకెళ్ళు. "రేపు అయింది తల్లీ" అని చెప్పు. పైకి వినపడేలా చెప్పు, దానికి గొణిగితే నచ్చదు.

మర్నాడు కొట్టు తెరిచి, ఆ మూడో వీధి ముసలావిడ వస్తే సంచి నింపు. కొసరు మానేస్తానని నాకు రాయడానికి నీకెంత ధైర్యమే. అది నీ సొత్తా మానెయ్యడానికి?

సీసం ముక్క నా వంటింటి కిటికీ రెక్క కింద పెట్టాను. గాలికి కొట్టుకునేది, ఇప్పుడు చప్పుడు లేదు.

ఇనేస్ గూట్లో ఎన్ని వెయ్యాలా అని ఆలోచిస్తావు నువ్వు, "రెండింతలన్నాను కదా, ఎనిమిదా, ముప్ఫై పౌన్లా?" అని. నాకు తెలుసు నీ సంగతి. చేతికి ఎన్ని వస్తే అన్ని వెయ్యి. తూచకు.

నీ కసేరా
ఎల్విరా